అక్షరాలన్నీ వచ్చినా పుస్తకం పట్టని పిల్లలు: ఇంట్లో ఏం చేయాలి, బడిని ఏం అడగాలి?

సాయంకాలం చదువు
మూడో తరగతి పాప. అచ్చులు, హల్లులు, గుణింతాలు ఎక్కడ అడిగినా తడుముకోకుండా చెబుతుంది. కథల పుస్తకం చేతికిస్తే మాత్రం కూడబలుక్కుంటూ రెండు వాక్యాలు చదివి మూసేస్తుంది. ఏం చదివావంటే చెప్పలేదు. అదే కథ మేం చదివితే ఆఖరి దాకా వింటుంది, మళ్ళీ చదవమంటుంది. రోజూ అరగంట కూర్చోబెడుతున్నాం, ఆ అరగంటా పేచీయే. బడిలో లైబ్రరీ పిరియడ్ వారానికి ఒక్కటే. ఎక్కడ మొదలుపెట్టాలి?

బడిగంట
మీ ప్రశ్నలోనే సగం జవాబుంది. వింటే అర్థమవుతోంది, చదివితే కావట్లేదు. అంటే లోపం తెలివిలోనూ కాదు, ఇష్టంలోనూ కాదు. గఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లో దీన్ని ఒక గుణకారంగా చెప్పారు: అక్షరాల్ని మాటగా మార్చగలగడం, విన్న భాష అర్థం కావడం, ఈ రెండిటి లబ్ధమే చదివి అర్థం చేసుకోవడం. ఒకటి సున్నా దగ్గరుంటే రెండోది ఎంత ఉన్నా ఫలితం సున్నా దగ్గరే ఉంటుంది.

ముందు ఏది తక్కువో తేల్చుకోండి. పావుగంట పని. పాప ఇంతవరకు చూడని కథలోంచి వంద మాటల ముక్క తీసుకుని చదివించండి. ఎక్కడ ఆగింది, ఏ మాట తప్పు చదివింది అన్నది మీ దగ్గరున్న కాగితం మీద గుర్తు పెట్టుకోండి, పైకి ఏమీ అనొద్దు. తర్వాత మూడు ప్రశ్నలు: ఎవరు, ఏం జరిగింది, ఎందుకు. ఇప్పుడు అంతే కష్టమున్న ఇంకో ముక్క మీరు చదివి వినిపించి అవే మూడు అడగండి. రెండోసారి మాత్రమే జవాబులొస్తే మాటని గుర్తుపట్టే వేగం పెంచాలి. రెండుసార్లూ రాకపోతే మాటల సంపద, భాష పెంచాలి. అప్పుడు చదివి వినిపించడం, కబుర్లు చెప్పుకోవడం మీద ఎక్కువ సమయం పెట్టాలి.

ఆ అరగంటని ఈరోజే ఆపేయండి. సాధన వేరు, సరదా వేరు. సాధన పది నిమిషాలు, గడియారం చూసి. సరదా చదువు ఇంకో పూట, పదిహేను నిమిషాలు. అందులో మీరే చదవాలి, తప్పులు దిద్దే మాటే ఉండకూడదు. రెండూ కలిపేస్తే పాప రెండిటినీ వద్దంటుంది. ఇప్పుడు జరుగుతున్నది అదే.

అక్షరాల వెంట
బడిగంట గారు చెప్పిన గుర్తుల కాగితం పారేయకండి. తెలుగులో ఈ వయసు పిల్లలు ఆగే చోట్లు కొన్నే ఉంటాయి.

మొదటిది వత్తులు. చాలా వత్తులు తలకట్టు తీసేసిన అక్షరంలాగే ఉంటాయి కాబట్టి పిల్లలే పోల్చుకుంటారు. క, త, న, మ, య, ర, ల వత్తుల రూపం మాత్రం పూర్తిగా వేరు. ఈ ఏడూ విడిగా నేర్పాల్సిందే, చూసి ఊహించడం కుదరదు.

రెండోది చాలామంది పెద్దలు గమనించనిది. ‘భక్తి’లో గుడి ఎక్కడుంది? క మీద. పలికేది ఎక్కడ? త తర్వాత. ‘చంద్రుడు’లో కొమ్ము ద పక్కన కనబడుతుంది, పలకడం ర తర్వాత. పిల్లలు కంటికి కనబడిన వరసలో ‘భకిత’, ‘చందురడు’ అని చదివేది ఇందుకే. అది అజాగ్రత్త కాదు. ‘పై అక్షరం సగం పలుకు, కింది వత్తు పలుకు, గుణింతం చివర్న తగిలించు’ అని ఒక్కసారి విడమరిచి చెప్పి, అలాంటి మాటలు ఏడెనిమిది చేయిస్తే పట్టేస్తారు: శక్తి, ముక్తి, బుద్ధి, స్నేహం, ప్రేమ, మిత్రుడు, సముద్రం.

మూడోది ఒకేలా కనిపించే అక్షరాలు: మ–య, ప–వ–ష–స, ద–ధ–థ, బ–భ, గ–శ, ఘ–ఝ. ఒక జంటలో రెండిటినీ ఒకేరోజు నేర్పితే ఇంకా కలగాపులగమవుతుంది. ఒకటి గట్టిపడ్డాక రెండోది తెచ్చి, అప్పుడు పక్కపక్కన పెట్టండి.

వరస ఇలా పెట్టుకోండి. ముందు ద్విత్వాలు (అక్క, పువ్వు, చెట్టు), తర్వాత సంయుక్తాలు (పుస్తకం, సూర్యుడు), చివర్న సంశ్లేషాలు (రాష్ట్రం, వస్త్రం). ఒక వత్తుకి రెండు రోజులు, రోజుకి ఆరేడు మాటలు, ఆ మాటలతోనే రెండు వాక్యాలు. మూడో రోజు పాతవి కలిపి.

ఆలస్యమైందని కంగారు పడొద్దు. మన లిపిని పోలిన కన్నడ లిపి మీద సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధనలో, అక్షరాలన్నీ పట్టుబడడం నాలుగో తరగతి దాకా సాగుతుందని తేలింది. ఇరవై ఆరు అక్షరాల భాషతో పోల్చి, ఒకటో తరగతిలోనే అయిపోవాలనుకోవడం పిల్లల మీద మోయలేని బరువు పెట్టడమే.

ఇద్దరు పిల్లల నాన్న
రెండు సందేహాలు. నిమిషానికి ఇన్ని మాటలు చదవాలని కొన్ని యాప్‌లు లెక్క చూపిస్తున్నాయి, అవి నమ్మొచ్చా? వేలు పెట్టి చదివితే మానిపించాలంటారు, నిజమేనా?

అక్షరాల వెంట
ఇంగ్లీషు లెక్కలు తెలుగుకి అతకవు. ‘చదవలేకపోతున్నాడు’ మనకి ఒక్క మాట. ఇంగ్లీషులో అదే చెప్పాలంటే ఐదారు మాటలు కావాలి. ఆ లెక్కతో చూస్తే బాగా చదివే తెలుగు పిల్లలు కూడా వెనకబడినట్టే కనిపిస్తారు. బిడ్డని ఆ బిడ్డ పాత చదువుతోనే పోల్చండి. రెండు వారాలకోసారి ఒకే స్థాయి ముక్క, ఒక నిమిషం, ఎక్కడి దాకా వచ్చింది, తప్పులెన్ని. అంతే చాలు. గడియారం పాపకి కనిపించేలా పెట్టొద్దు, తొందరలో మాటల చివర్లు మింగేస్తారు. తెలుగులో క్రియ చివర పోతే ‘వచ్చాడు’కీ ‘వచ్చాను’కీ తేడా పోతుంది, కథే మారిపోతుంది.

వేలు ఉండనివ్వండి. ధార, అంటే తడబడకుండా సాఫీగా చదవడం, వచ్చాక అదే పోతుంది. వరస తప్పుతుంటే అట్టముక్క ఇవ్వండి, కానీ చదివే వరస కింద కాదు, పైన పెట్టమనండి. చదివేసిన వరస మూసుకుపోతుంది, కన్ను కిందికి జారడానికి దారి తెరిచి ఉంటుంది.

చదువుల చెట్టు
పది నిమిషాల సాధనలో ఏం చేయాలో ఎవరూ విడిగా చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. రెండు పాత పద్ధతులు కలిపితే సరిపోతుంది.

ఒకటి, తిరగచదవడం. జే సామ్యూల్స్ 1979లో వివరించినది. ఇంగ్లీషులో యాభై నుంచి రెండొందల మాటల ముక్కలు వాడతారు. తెలుగుకి ముప్ఫై నుంచి యాభై మాటలు చాలు. మొదటి రోజు మీరు ఒకసారి నెమ్మదిగా, భావంతో చదవండి. తర్వాత ఇద్దరూ కలిసి. తర్వాత పాప ఒక్కతే, రెండుసార్లు. రెండో రోజూ అదే ముక్క. మూడో రోజుకి ధారగా వస్తుంది. రాలేదంటే ముక్క కష్టమైనదని అర్థం, మార్చేయండి. అదే ముక్కని వారమంతా లాగొద్దు.

రెండు, జంటగా చదవడం. ఇద్దరూ ఒకే గొంతుగా మొదలుపెడతారు. ‘ఇక నేను చదువుతా’ అనిపించినప్పుడు పాప బల్ల మీద తట్టాలి, మీరు ఆపేయాలి. తప్పు చదివినా, ఆగినా నాలుగైదు సెకన్లు ఓపిక పట్టండి. అప్పటికీ రాకపోతే మాట మీరే చెప్పేయండి, పాప తిరిగి అంటుంది, మళ్ళీ ఇద్దరూ కలిసి సాగుతారు. పాప మళ్ళీ తట్టేదాకా. ఇందులో ‘నీకు రాదా?’, ‘నిన్నే కదా చెప్పాను’ లాంటి మాటలకి చోటు లేదు.

దెబ్బతినే చోట్లు రెండు. ఆ నాలుగైదు సెకన్లు ఆగలేక వెంటనే అందించేస్తాం, దాంతో పాప అక్షరాలు చూడ్డం మానేసి మన మొహం చూస్తుంది. రెండోది, ముక్క కంఠతా వచ్చేస్తుంది, కళ్ళు పేజీ మీద ఉండవు. పరీక్ష సులువు: చివర్న ఒక మాట మీద వేలు పెట్టి ‘ఇదేమిటి?’ అనండి, తర్వాత మొదట్లోది, తర్వాత మధ్యలోది. చెప్పలేకపోతే చదివింది నోరే.

బొమ్మ చూసి ఊహించడం కూడా చూసుకోండి. పేజీ మీద ‘పులి’ అని ఉంటే బొమ్మలో చారలు సరిగా కనబడక ‘పిల్లి’ అని చదివేసి ముందుకెళ్ళే పిల్లలున్నారు. ‘బొమ్మ చూసి చెప్పు’ అని మనమే అలవాటు చేస్తాం. బొమ్మ ముందు తీరిగ్గా చూడనివ్వండి, కబుర్లాడండి. మాట దగ్గరికొచ్చాక మాత్రం ‘అక్షరాలు ఏం చెబుతున్నాయి?’ అనే అడగాలి.

కథలపెట్టె
సాధన మీద అందరూ బాగా రాశారు. కానీ ఈ వరసలో పుస్తకం గురించి ఒక్క మాట లేదు. పాప మూసేస్తున్నది ఏ పుస్తకం? ఎవరు ఎంచుకున్నది?

స్థాయి తెలుసుకోవడానికి ఈ కొలత వాడండి. వంద మాటల్లో ఐదు తప్పుల లోపైతే ఒంటరిగా చదువుకోవచ్చు. ఆరు నుంచి పది అయితే పక్కన పెద్దవాళ్ళుండాలి. పది దాటితే అది మీరు చదివి వినిపించే పుస్తకం, అంతేగాని పాప చేతిలో పెట్టేది కాదు. చిన్న పుస్తకాల్లో పేజీకి ఇరవై మాటలే ఉంటాయి. అక్కడ పేజీకి రెండు తప్పులు దాటితే బరువైనట్టే.

అచ్చు చూడండి. ఒకటి, రెండు తరగతుల వాళ్ళకి అక్షరం పెద్దదిగా, వరసల మధ్య వత్తులు కిందికి దిగేంత జాగా ఉండాలి. జాగా తక్కువైతే పై వరస వత్తు కింది వరస గుడికి తగిలి, పెద్దవాళ్ళకే చికాకు. ఇంకోటి: వరస చివర చోటు చాలక మాటని రెండుగా విరిచి, గీత కూడా పెట్టకుండా కింద వేసేస్తారు. ‘వెళ్ళి’ పైన, ‘పోయాడు’ కింద. కొత్తగా చదివేవాళ్ళు అక్కడ తప్పకుండా పడిపోతారు. అలాంటివి పక్కన పెట్టండి.

భాష చూడండి. ‘వచ్చెను, పలికెను’ అని సాగే కథలు వినడానికి బాగుంటాయి గానీ మొదటి సొంత చదువుకి వద్దు. పిల్లలు రోజూ వినే వాడుక మాటకి దగ్గరగా ఉన్న పుస్తకం అయితే సగం మాట చదవగానే మిగతాది నోటికొస్తుంది.

ఎంపిక మాత్రం పాపదే. మీరు స్థాయికి తగినవి ఐదారు పరిస్తే అందులోంచి పాప ఒకటి తీసుకోవాలి. కథలే కానక్కర్లేదు. జంతువుల వివరాలు, పొడుపు కథలు, బొమ్మల కథలు, చేసి చూసే ప్రయోగాలు, ఏదైనా చదువే. నాలుగు పేజీల తర్వాత నచ్చకపోతే వదిలేసే హక్కు ఇవ్వండి. చదివిందే పదిసార్లు చదువుతానంటే చదవనివ్వండి, ధార వచ్చేది అక్కడే.

ఇద్దరు పిల్లల నాన్న
చదివిన ప్రతి పుస్తకానికి ఒక నక్షత్రం, పది నక్షత్రాలకి ఒక బహుమతి అని పెడితే?

బడిగంట
నా అభిప్రాయం వద్దనే. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ బొమ్మలు గీయడం ఇష్టమున్న చిన్నపిల్లలతో ఒక ప్రయోగం చేశారు. గీస్తే ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పిన పిల్లలు, తర్వాత ఎవరూ ఏమీ ఇవ్వని రోజుల్లో తక్కువసేపు గీశారు. చెప్పకుండా చివర్న పత్రం ఇచ్చిన పిల్లల్లో ఆ తగ్గుదల లేదు. ముందే ఒప్పందం పెడితే ఇష్టమైన పని కూడా కూలి పనిలా మారుతుందన్నమాట.

ఇంకో చిక్కు కూడా ఉంది. పుస్తకాల లెక్క పెడితే పిల్లలు సన్న పుస్తకాలే తీస్తారు, పేజీలు తిప్పి అయిపోయిందంటారు. ఇవ్వాలనిపిస్తే పుస్తకమే ఇవ్వండి, లేదా ఇంకో పది నిమిషాలు చదివి వినిపించండి. మెచ్చుకునేటప్పుడు ‘బంగారు తల్లి’ అని ఊరుకోకుండా, జరిగింది చెప్పండి: ‘చంద్రుడు దగ్గర ఆగి, మళ్ళీ చూసి నువ్వే సరిచేసుకున్నావు’. ఏం చేస్తే బాగుందో పిల్లలకి అప్పుడే తెలుస్తుంది.

కథలపెట్టె
చదివి వినిపించడం గురించి కొంచెం వివరంగా. చాలామంది పేజీకో ప్రశ్న వేసి కథని పరీక్ష చేసేస్తారు. మొదటిసారి చదివేటప్పుడు ప్రశ్నలే వద్దు, మహా అయితే మలుపు దగ్గర ఆగి ‘ఇప్పుడేమవుతుందంటావు?’ అనండి. రెండోసారి చదివేటప్పుడు రెండు మూడు కొత్త మాటలు ఎత్తుకోండి. మూడోసారి పాపే బొమ్మలు చూసి కథ చెబుతుంది, మీరు వినండి.

మాట్లాడించడానికి వైట్‌హర్స్ట్ బృందం 1988లో ప్రచురించిన పద్ధతి ఇప్పటికీ పనికొస్తోంది. అడగాలి, జవాబుని ఒప్పుకోవాలి, దానికి కొంచెం కలపాలి, పాప చేత అనిపించాలి. ‘ఇదేం చేస్తోంది?’ ‘ఎగురుతోంది.’ ‘అవును, రెక్కలు చాపుకుని గూటి వైపు ఎగురుతోంది. ఏ వైపు?’ ‘గూటి వైపు ఎగురుతోంది.’ అంతే, పది సెకన్ల పని. అవును–కాదు జవాబొచ్చే ప్రశ్నలు మానేసి ఎందుకు, ఎలా, నువ్వైతే ఏం చేస్తావు అని అడగండి.

పాపకి సొంతంగా చదవడం వచ్చాక కూడా వినిపించడం ఆపొద్దు. ప్రాథమిక తరగతుల్లో పిల్లలు చదివి అర్థం చేసుకోగలిగే దానికన్నా విని అర్థం చేసుకోగలిగేది ఎక్కువ. వాళ్ళు ఇంకా చదవలేని పెద్ద కథలూ, కొత్త మాటలూ చెవి ద్వారానే వస్తాయి.

కొత్త టీచరు
బడి వైపు నుంచి అడుగుతున్నాను. రెండో తరగతి, నలభై మంది. రోజూ ఇరవై నిమిషాలు మౌనంగా చదివే సమయం పెట్టాం. సగం మంది పేజీలు తిప్పుతున్నారు, కొందరు పుస్తకాల కోసం కొట్టుకుంటున్నారు. మంచి పుస్తకాలు చినిగిపోతాయని బీరువాలో పెట్టాల్సి వస్తోంది.

బడిగంట
రెండో తరగతికి మౌన పఠనం తొందర. అమెరికాలో నేషనల్ రీడింగ్ ప్యానెల్ 2000లో ఇచ్చిన నివేదిక కూడా, పెద్దల మార్గదర్శకత్వంలో పైకి చదివించడం వల్ల ధార పెరుగుతుందని చెప్పింది. పిల్లల్ని ఒంటరిగా మౌనంగా చదువుకోమని వదిలేస్తే ధార పెరుగుతుందనడానికి చాలినంత ఆధారం దొరకలేదంది. సమయం తీసేయమని కాదు, తీరు మార్చండి.

ఇరవై నిమిషాలు కాదు, ఎనిమిదితో మొదలుపెట్టి వారానికో నిమిషం పెంచండి. గుసగుసగా చదవనివ్వండి. జంటలు కట్టండి: పుస్తకం ఇద్దరి మధ్య, ఒక పేజీ ఒకరు, ఇంకో పేజీ ఇంకొకరు, వినేవాళ్ళ వేలు మాటల కింద నడవాలి. జంటలో మరీ అంతరం ఉండకూడదు, ఉంటే బాగా చదివేవాళ్ళే అంతా చదివేస్తారు. బాగా చదివేవాళ్ళ నుంచి వెనకబడ్డవాళ్ళ దాకా వరసగా పేర్లు రాసుకుని, ఒకటో పేరుకి ఇరవై ఒకటోది, రెండుకి ఇరవై రెండోది అలా కలపండి. ఆ సమయంలో మీరు రికార్డులు రాయకండి. రోజుకి నలుగురి పక్కన రెండేసి నిమిషాలు కూర్చుని వినండి, పది పనిదినాల్లో తరగతి మొత్తం తిరిగొస్తుంది. పేరు, పుస్తకం, ఎక్కడ ఆగారు: ఈ మూడే రాసుకోండి.

పేజీలు తిప్పేవాళ్ళలో ఎక్కువమంది చేతిలో వాళ్ళ స్థాయికి మించిన పుస్తకం ఉంటుంది. ముందు అది చూడండి, తర్వాతే క్రమశిక్షణ గురించి ఆలోచించొచ్చు.

కథలపెట్టె
బీరువా తాళం తీసేయండి. చినిగిన పుస్తకం చదివిన పుస్తకం. గోడకి పిల్లల ఛాతీ ఎత్తులో తాళ్ళు కట్టి, బట్టల క్లిప్పులతో పుస్తకాలు వేలాడదీయండి, అట్ట కనిపించేలా. వెన్ను మాత్రమే కనబడే అలమరలోంచి చిన్నపిల్లలు పుస్తకం తీయరు, పేరు చదివి ఎంచుకునే వయసు కాదది. నలభై మందికి ఒకేసారి యాభై, అరవై చాలు, రెండు వారాలకోసారి సగం మార్చండి. తీసినవి మళ్ళీ రెండు నెలలకి తెస్తే కొత్తవాటిలాగే ఎగబడతారు.

కొట్లాట ఆగాలంటే పుస్తకాలు సమయానికి ముందే పంచేయాలి. ఇద్దరు పిల్లలు వారం పాటు బాధ్యులు. రిజిస్టరులో నాలుగు గడులు: తేదీ, పేరు, పుస్తకం, తిరిగొచ్చిందా. రాసేది వాళ్ళే. ఇంటికి కూడా ఇవ్వండి.

చిరుగులకి మామూలు సెల్లోటేపు వాడొద్దు, కొన్నాళ్ళకి పసుపెక్కి పెళుసై కాగితాన్ని కూడా లాగేస్తుంది. పల్చటి తెల్లకాగితం పట్టీ, జిగురు చాలు. స్థాయి తెలియడానికి పుస్తకానికి రంగు చుక్క అంటించొచ్చు. పిల్లలకి మాత్రం రంగు అంటించకండి: ‘వీడు ఎరుపు’ అనే మాట తరగతిలో ఒక్కసారి పుడితే ఏడాదంతా పోదు.

సన్నజాజి
అమ్మానాన్నలకి చదువు రాని ఇళ్ళ గురించి కూడా రాయండి. ‘ఇంట్లో చదివించండి’ అని పుస్తకంలో రాసి పంపితే వాళ్ళేం చేస్తారు?

చదువుల చెట్టు
మంచి ప్రశ్న. అక్షరం రాని పెద్దవాళ్ళు కూడా మూడు పనులు చేయగలరు. బొమ్మల పుస్తకం ఇద్దరూ కలిసి తిప్పుతూ బొమ్మల్లో కథ చెప్పుకోవచ్చు. తాము విన్న కథ చెప్పొచ్చు, దాన్ని పిల్లలు రెండు మూడు వాక్యాలుగా రాసి మర్నాడు చదివి వినిపిస్తారు. సొంత ఇంటి మాటలు కాబట్టి చదవడమూ తేలికే. పిల్లలు చదువుతుంటే పక్కన కూర్చుని వినొచ్చు. తప్పు దిద్దడం వాళ్ళ పని కాదు, ‘తర్వాతేమైంది?’ అని అడగడమే వాళ్ళ పని. అందుకని ఈ ఇళ్ళకి పంపే పుస్తకం బడిలో ఒకసారి చదివేసినదై ఉండాలి. కొత్తది పంపితే సాయం చేసేవాళ్ళుండరు, పుస్తకం సంచీలోనే ఉండిపోతుంది. ఈ మూడూ తల్లిదండ్రుల సమావేశంలో చేసి చూపించాలి, కాగితం మీద రాసి పంపితే చేరదు.

ప్రత్యేక విద్య
ఒక మాట చెప్పాలి. కొందరికి ఇవన్నీ చేసినా కదలిక ఉండదు. ముందు చూపు, వినికిడి పరీక్ష చేయించండి. పుస్తకం ముక్కు దగ్గర పెట్టుకోవడం, కళ్ళు చికిలించడం, చదివాక తలనొప్పి అనడం గుర్తులు. అవి బాగానే ఉండి, క్రమం తప్పకుండా ఐదారు నెలలు సాధన చేయించినా మాట గుర్తుపట్టడం మారకపోతే, ఇంట్లో ఇంకెవరికైనా చదవడంలో ఇలాంటి ఇబ్బంది ఉండి ఉంటే, డిస్లెక్సియా (తెలివితో సంబంధం లేకుండా చదవడంలో ఉండే ఇబ్బంది) ఉందేమో నిపుణుల చేత చూపించాలి. రాసినట్టే పలికే భాషల్లో దీన్ని పసిగట్టడం కష్టం. చదివేటప్పుడు తప్పులు తక్కువే కనిపిస్తాయి, వేగం మాత్రం పెరగదు, రాతలో అక్షరదోషాలు పోవు. ‘సరిగ్గానే చదువుతున్నారు కదా, బద్ధకం’ అని తేల్చేసేది ఇలాంటి పిల్లల్నే. వాళ్ళకి సాధనతో పాటు ఎక్కువ సమయం, విని నేర్చుకునే వీలు కావాలి.

సాయంకాలం చదువు
అందరికీ ధన్యవాదాలు. వంద మాటల పరీక్ష చేశాం. తప్పులు పన్నెండు, దాదాపు అన్నీ త, ర వత్తుల దగ్గరే. విన్నప్పుడు మూడు జవాబులూ వచ్చాయి. ఇంకొక్కటి: క్లాసులో వరసగా ఒక్కొక్కర్ని లేపి పేరా చదివిస్తారట. ఆ రోజు బడికి వెళ్ళనంటుంది. టీచరుగారికి ఎలా చెప్పాలి?

బడిగంట
పన్నెండు తప్పులంటే ఆ పుస్తకం ఇప్పటికి మీరు వినిపించేదే. సాధనకి ఇంకా తేలికైంది తీసుకోండి.

వరస చదివింపులో నలభై మందిలో ఒక్కరు చదువుతారు, మిగతావాళ్ళు తమ పేరా ఏదో లెక్కపెట్టుకుంటూ ఉంటారు. తడబడేవాళ్ళకి అందరి ముందు పరువు పోతుంది. టీచరుగారితో ‘మానేయండి’ అని కాకుండా, ఇలా అడగండి: ‘పాప చదవాల్సిన పేరా ఒకరోజు ముందు చెబుతారా? ఇంట్లో నాలుగుసార్లు చదివించి పంపుతాం.’ ఏ టీచరూ కాదనరు. వీలుంటే వత్తుల తప్పుల కాగితం కూడా చూపించండి, క్లాసులో ఇంకో పదిమందికి అవే ఉంటాయి. ఆవిడ ఆసక్తి చూపితే అప్పుడు చెప్పొచ్చు: టీచరు ఒక వాక్యం చదివితే క్లాసంతా వెంట చదవడం, తర్వాత వరసకో వాక్యం, తర్వాత జంటల్లో. అదే పేరా, అదే సమయం, నలభై మందీ చదువుతారు.

అక్షరాల వెంట
త, ర వత్తులైతే ఈ వారం మాటలు: కత్తి, సుత్తి, గిత్త, కొత్త, పుస్తకం, వస్తువు, దోస్తు. రెండు రోజుల తర్వాత ర: చక్రం, పత్రిక, నిద్ర, గ్రామం, ప్రయాణం, చిత్రం, శుభ్రం. రెండూ కలిసిన ‘వస్త్రం’, ‘శాస్త్రం’ ఇప్పుడే తేవొద్దు. మొదటి రెండూ ఆగకుండా వస్తున్నాయనిపించాక, పై వారం.